అపాదానము లేని భయము

‘విశ్వభీతి’ యని వ్యవహరింపదగిన కథాభేద మొకటి గడచిన నూఱేండ్లలో పాశ్చాత్యదేశములయందు ప్రబలి, చలనచిత్రముల మార్గమున మన విద్యార్థులకును పరిచితమైనది. ఈ బ్రహ్మాండమున మనుష్యుడు లెక్కకు రానివాడనియు, అతని బుద్ధికి లొంగని సత్త్వములు, తత్త్వములు నిందు గలవనియు, వానిని లేశమాత్ర మెఱిగినవారికి మతి నిలువదనియు ప్రతిపాదించు కథ లీ భేదమున జేరును. వీని యందలి రసమేది? మన యాలంకారికులు చెప్పిన భయానకమే యిదియా, వేఱొకటియా? ఈ ప్రశ్నమును విచారించుటయే ప్రకృతవ్యాసప్రయోజనము.

కొంతకాలము క్రిందట వేటపాలెము సారస్వతనికేతనమున నేను గ్రంథములు చూచుకొనుచుండగా నా శిష్యుడొకడు వచ్చి, అమెరికా దేశపు కథకుడు లవ్‌క్రాఫ్టు రచించిన కథాసంపుటమును నా ముందఱ నుంచి, “గురువుగారూ, ఇట్టిది మనవారి వాఙ్మయమున గలదా?” యని యడిగెను. అచ్చట గూర్చుండియున్న నా మిత్రు లిరువురు నాకంటె ముందుగనే బదులు చెప్పిరి. ఒకరు, “గీతలోని పదునొకండవ యధ్యాయము చదువుము, ఇందున్న దంతయు నందే యున్నది” యనిరి. రెండవవారు, “పరమాత్మను నమ్మినవారికి ఇట్టి భయము పుట్టదు, మనవారి కిది లేదు, ఉండబనియు లేదు” అనిరి. శిష్యుడు వినయముతో తలయూచి వెడలిపోయెను గాని వాని సంశయము తీఱలేదని నాకు తోచినది. నా సంశయమును తీఱలేదు. మొదటివారు పోలికను జూచి భేదమును విడిచిరి. రెండవవారు భేదమును జూచి మన కవులు వ్రాసినదానినే విడిచిరి.

వ్యాకరణము చదువుకొన్నవాడను గనుక విభక్తితో నారంభించుట నాకు వాడుక. భయార్థకములును రక్షణార్థకములును నగు ధాతువుల ప్రయోగమున భయహేతువైన దానికి అపాదానసంజ్ఞను పాణిని విధించెను. దొంగవలన భయపడును, దొంగవలన కాపాడును. రెండర్థములకును ఒకటే సూత్రము, ఒకటే విభక్తి. మన చిన్నయసూరియు బాలవ్యాకరణమున ‘వలన’ వర్ణకమునకు విషయములను జెప్పుచు భయమును, త్రాణమును ఒక పట్టికలోనే జేర్చెను. ఈ సహవాసము కాకతాళీయమని నేననుకొనను. దేనివలన భయమో తెలిసినగాని దానివలన రక్షణమెట్లో తెలియదు. భయమును అభయమును ఒకే పంచమి నాధారము చేసికొని నిలిచియున్నవి.

భాష్యకారుడు ఈ సూత్రమును ప్రత్యాఖ్యానము చేసిన తీరు మనకు మఱింత యుపకారకము. విడిపోవు క్రియయందు కదలక నిలిచిన యవధి అపాదానమని సామాన్యలక్షణము. భయపడువాడు దేహముతో దేనిని విడిచిపోవుచున్నాడు? తోడేళ్లు తన్ను జూచినచో చావు తప్పదని యెంచి, వాడు బుద్ధితో వానిని జేరి, బుద్ధితోనే మరలుచున్నాడు. కనుక సామాన్యసూత్రముననే పంచమి సిద్ధించును, ప్రత్యేకవిధి యక్కఱలేదని పతంజలి పక్షము. ఎంతటి సూక్ష్మదృష్టి! భయమనగా బుద్ధి యొకదానిని జేరి దానినుండి మరలుట. ఆయన వాడిన మాట ‘సంప్రాప్య’. తైత్తిరీయోపనిషత్తున వాక్కులు మనస్సుతోగూడ మరలివచ్చుట చెప్పినచోట వాడిన మాట ‘అప్రాప్య’. చేరి మరలుట యొకటి; చేరకయే మరలుట యొకటి. ఉపనిషత్తున చేరకయే మరలిన దానికి ఆనందమనియు, దాని నెఱిగినవానికి భయము లేదనియు ఫలము చెప్పబడినది. ఆ యెఱుక లేనివానికి ఆ మరలుట యెట్లుండును? బుద్ధి బయలుదేఱును; చేరవలసినది కానరాదు; చేరనిదానినుండి మరలుటకు అవధి లేదు. ఇదియే యీ కథల భయము. దీనిని నేను నిరపాదానభయ మందును.

తెలుగున దీనికి పేరు లేకపోలేదు. వెఱపు, బెదరు, జంకు అను మాటల కన్నిటికిని ‘దేనివలన’ నను ప్రశ్నము చెల్లును. దిగులు అను మాట యట్టిది కాదు. దిగులుగా నున్నదని చెప్పినవానిని దేనివలన నని యడిగితిమేని, ఏమో తెలియదనును. ఆ బదులునం దే లోపమును లేదు. పంచమిని కోరని భయవాచకము మన యింటనే యున్నది.

ఇక నలంకారశాస్త్రము. భయానకమునకు భరతుడు చెప్పిన విభావములను పరికింపుడు: వికృతధ్వనులు, భూతప్రేతములు కానవచ్చుట, నక్కల గుడ్లగూబల కూతలు, పాడుపడిన యిండ్లు, అరణ్యములు, తనవారి వధబంధనములు, గురువులయెడను రాజులయెడను జేసిన యపరాధము. ఇవి యన్నియు పంచమీవిభక్తిని ధరింపదగినవే. ఆశ్రయముగూడ నియతమే. స్త్రీలును, నీచప్రకృతులును భయమున కాశ్రయములు. ఉత్తములకు గురురాజుల సన్నిధిని వినయార్థము చూపు కృతకభయమే కలదని శాస్త్రము. మఱి విశ్వరూపమును జూచిన యర్జునుడు ఏ కోటిలోనివాడు? అతడు నీచప్రకృతి కాడు. అతని వణకు కృతకము కాదు. ఉత్తమునికి సిగ్గు లేకుండ భయము కలుగుచోటు లోకమున నొకటి గలదని, దానికి శాస్త్రము గది కట్టలేదని యిందుచే దేలుచున్నది.

అయినను శాస్త్రకారులు దీని సమీపమునకు రాలేదని యనరాదు. శాకుంతల ప్రథమాంకమున రథమునకు వెఱచి పరుగెత్తు లేడిని అభినవగుప్తు డుదాహరించి, ప్రేక్షకుని చిత్తమున నేమి జరుగునో వివరించినాడు. అచ్చట ఈ లేడి యను విశేషము జారిపోవును. భయపెట్టినవాడు పరమార్థముగ లేడు. వాడు భయపడుచున్నాడు, నేను భయపడుచున్నాను అను భేదములు తొలగును. దేశకాలముల స్పర్శ లేని భయము మాత్రము నిలుచును. లేడికి రథము గలదు, ప్రేక్షకునికి లేదు. రసాస్వాదమునకు మూల మిదియే. విశ్వభీతికథకుడు చేయు సాహసమేమనగా, రథము లేని యా స్థితిని ప్రేక్షకునియొద్దనుండి తీసి పాత్రమునందే పెట్టుట. ఇది మిక్కిలి కష్టమైన పని. పాత్రమునకు భయహేతువు చూపనిచో కథ నడువదు. చూపినచో భయము మాఱిపోవును. ఈ సంకటమున కథకు డెట్లు ప్రవర్తించెనో చూచుటయే యీ సాహిత్యమునకు సరియైన యొఱగల్లు.

ఆ యొఱగంటిపై మొదట లవ్‌క్రాఫ్టునే గీచి చూతము. ఈయన 1890లో ప్రావిడెన్సు నగరమున జన్మించి 1937లో నచ్చటనే మరణించెను. అలౌకికభయసాహిత్యమును గూర్చి 1927లో ప్రకటించిన వ్యాసమున, భయము మనుష్యుని ప్రాచీనతమభావమనియు, అందును అజ్ఞాతభయము బలిష్ఠమనియు స్థాపించెను. లక్షణము చక్కగ చెప్పెను. లక్ష్యమున? మఱుసటి యేట ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో వెలువడిన ‘క్తుల్హు పిలుపు’ కథకు గొప్ప ప్రసిద్ధి గలదు. అందు సముద్రగర్భమున నిద్రించు నొక మహాసత్త్వము గలదు. దానికి పేరు గలదు, విగ్రహము గలదు, అష్టపాదివంటి శిరస్సును ఱెక్కలును గలవు. తుదకొక నావికుడు ఓడను దానిపైకి నడిపి ఢీకొట్టును. ఓడతో ఢీకొట్టదగినది ఎంత పెద్దదైనను అపాదానమే. అచ్చట కథ భయానకమునకు దిగినది.

ఇంతకంటె పెద్దదోష మా కథలోనే యున్నది. ఆ సత్త్వమును గొలుచువారిని సంకరజాతులవారిగను, దూరద్వీపవాసులగు నావికులుగను చిత్రించి, వారిపట్ల తన కాలపు వర్ణద్వేషమును ఆయన యా భయమునకు జతపఱచెను. బ్రహ్మాండమునం దెవరికిని గుఱిలేని భయమునకు ఇరుగుపొరుగు మనుష్యులను గుఱిచేసెను. కవిత్వదోష మిట నీతిదోషమైనది. ఈ సంగతి మఱల వచ్చును గనుక చదువరులు గుర్తుంచుకొందురు గాక.

ఆయనయే 1927లో వ్రాసిన ‘అంతరిక్షమునుండి వచ్చిన వర్ణము’ అను కథ మీద నాకు గౌరవము. ఒక కాపు పొలమున ఉల్క పడును. దానియందు లోకమున నెచ్చటను లేని యొక రంగు గలదు. ఆ యేడు పండ్లు మున్నెన్నడు నెఱుగనంత పెద్దవై కాయును గాని నోట బెట్టరానంత చేదు. తరువాత చెట్లును, పసులును, ఇంటివారును బూడిదవన్నె కెక్కి పొడిగ రాలిపోవుదురు. ఆ రంగు పగ బూనలేదు; కోరిక కోరలేదు; మనుష్యు డొకడున్నాడని యెఱుగునో లేదో చెప్పవీలులేదు. గుణము ద్రవ్యము నాశ్రయించియే యుండవలెనని వైశేషికులు. ఇందు ద్రవ్యము కానరాని గుణము వచ్చి పొలమున దిగినది. పత్తి, మిరప పండించు మా సీమలో చేను కన్నులపండువుగ నెదిగి కాపునకు రాకపోవుట యెట్టిదో తెలియని యిల్లు లేదు. అందుచే నీ కథ మా రైతులకు వ్యాఖ్యానము లేకయే బోధపడును.

పోలెండు దేశపు రచయిత స్టానిస్లావ్ లెమ్ 1961లో వెలువఱచిన ‘సొలారిస్’ నవల యింకను నొకమెట్టు పైనున్నది. ఒక దూరగ్రహమును గప్పిన సముద్రమే యందు ప్రాణి. దానిని గూర్చి తరతరముల పండితులు గ్రంథాలయములు నిండునంత వ్రాసిరి, సంప్రదాయములుగ చీలిరి, ఖండనమండనములు చేసిరి. సముద్రము వారి కొక్కదానికిని బదులు చెప్పలేదు. తన్ను పరిశీలింప వచ్చినవారియొద్దకు వారి గతస్మృతులనే మనుష్యరూపముల బంపెను. దండనమో బహుమానమో తెలియదు. మనవంటి వ్యాఖ్యాతలు తప్పక చదువదగిన గ్రంథము. 1972లో తార్కోవ్‌స్కీ దీనిని చలనచిత్రముగ దీసి, భయమును తగ్గించి పశ్చాత్తాపమును పెంచెను. చిత్రము సుందరమే; కాని సముద్రమునకు కరుణ యబ్బినట్లు తోచును. 1982లో జాన్ కార్పెంటర్ తీసిన ‘ది థింగ్’ అను చిత్రమున మంచుఖండమున జిక్కిన కొందఱిలో, ఎవని రూపము నైనను ధరింపగల ప్రాణి యొకటి చేరును. ప్రాణికంటె, ప్రక్కవానిపై బుట్టిన సంశయమే యందు విజృంభించును. పంచమి యెవని పేర జేరునో తెలియక పాత్రము లల్లాడుట దీనిలోని నేర్పు.

మన దేశపు చిత్రములలో 2018లో వచ్చిన ‘తుంబాడ్’ను శిష్యులు తఱచుగ నుదాహరింతురు. అందలి దిగులు మెచ్చదగినదే. అయినను కథకు కీలకము లోభము. లోభమునకు ఫలము చెప్పబడినది గనుక అది నీతికథ. తెలుగున యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళము’ ఒకతరము చదువరులకు నిద్ర లేకుండ జేసినది. అందు భయహేతువు క్షుద్రప్రయోగము. ప్రయోగము చేసినవారు గలరు, చేయించినవారు గలరు. 2023 నాటి ‘విరూపాక్ష’ చిత్రము చేతబడి చేయుచున్నారను ననుమానముతో గ్రామస్థులు దంపతులను దహించుటతో మొదలై, తరువాతి చావులకు మూలము నా పాపమునందే చూపును. ఇవి తమ తమ మార్గమున సమర్థములు కావచ్చును. కాని విశ్వభీతి కావు. వీనియందు బుద్ధి చేరదగిన చోటు గలదు.

‘విరూపాక్ష’లోని మొదటి ఘట్టము మాత్రము నన్ను విడువలేదు, ఏలయన నది కల్పనమాత్రము కాదు. బాణామతి, చేతబడి యను ననుమానముచే వృద్ధులను, విధవలను కొట్టి చంపిన వార్తలు మన తెలుగుసీమలోనే యెన్నియో చదివితిమి. బిడ్డ జబ్బుపడును, పసరము చచ్చును, హేతువు తెలియదు. తెలియని దానిని భరింపలేక ఊరు ఒక మనుష్యునికి పంచమి తగిలించును. లవ్‌క్రాఫ్టు కాగితముమీద జేసిన తప్పు నిట ఊరు నేలమీద జేయుచున్నది. నిరపాదానభయమును అట్లే నిలుపగల కవి చేయునది కేవలము కళాకౌశలము కాదు. లేని భయహేతువును కల్పింపకుండుటకు చదువరి మనస్సును సాధన చేయించుచున్నాడు.

హేతువు తెలిసినచో దిగులు తీఱునుగదా, శాస్త్రజ్ఞానము ముందఱ నీ సాహిత్యమున కెడమెక్కడ నని యొక యాక్షేపము గలదు. 1997లో పసిఫిక్కు మహాసముద్రపు టడుగున నమర్చిన శ్రవణయంత్రములు మిక్కిలి పెద్దదియు, అపూర్వమునైన ధ్వని నొకదానిని పట్టుకొన్నవి. లవ్‌క్రాఫ్టు కథాభిమానులు దానిని నిద్రించు సత్త్వపు గురకయని వేడుక పడిరి. మంచుగడ్డలు పగిలి విఱుగుటచే బుట్టిన ధ్వని యది యని పిమ్మట తేలెను. అట్టి రహస్యములకు ఆక్షేపము చెల్లును. అవి విడిపోవు ముడులు. అన్నియు నట్లు కావని చెప్పుటకు నేను పుస్తకముల దాటి మా యొడ్డునకు రావలసియున్నది.

పింగళసంవత్సర కార్తికమున, 1977 నవంబరు 19వ తేదీ శనివారమునాడు, మహావాత్య యొకటి చీరాల సమీపమున తీరము దాటెను. అప్పటికి నాకు ఏడేండ్లు. పెంకులు లేచిపోవుటయు, మా వీధిలోని గుంటమగ్గములు నీట నిండుటయు, మా తండ్రిగారు నన్ను మంచముక్రింద గూర్చుండబెట్టుటయు జ్ఞాపకము. మేము చావలేదు. తరువాతి దినములలో వార్త వచ్చినది. తుపాను కాలుమోపినది మా యొడ్డున. సముద్రము లేచినది మాకు ఈశాన్యమున, కృష్ణ కడలి గలియుచోట, దివిసీమలో. సుమారు 5 మీటర్ల యెత్తున ఉప్పెన వచ్చి సొర్లగొంది మొదలగు పల్లెలను దుడిచిపెట్టెను. మృతులు ప్రభుత్వగణనమున సుమారు 10,000.

ఏల యిట్లయ్యెను? ఉత్తరార్ధగోళమున వాత్య అపసవ్యముగ దిరుగును. తూర్పుతీరమును అది దాటునపుడు కేంద్రమునకు కుడివైపున, అనగా ఉత్తరభాగమున, గాలి సముద్రమునుండి నేలమీదికి వీచి నీటిని ద్రోయును. ఎడమవైపున నేలనుండి సముద్రముమీదికి వీచును. దివి కుడివైపున బడినది. ఇది నిర్దుష్టమైన సమాధానము. పాఠశాలలో దీనిని చదివిననాడు నాకు సంతోషము కలిగినది, దిగులు పోలేదు. కారణ మీ నడుమ తెలిసికొంటిని. శాస్త్రము చెప్పినది హేతువును. హేతువునకు తృతీయ విహితము. గుణవిషయమున పంచమియు వికల్పముగ గలదు గాని, ఆ పంచమి భయార్థకముల యపాదానపంచమి కాదు. దేనిచేత నీరు లేచెనో తెలిసినది. దేనిని గూర్చి వెఱవవలెను, దేనివలన కాపాడుమని యెవరిని వేడవలెను అను దానికి గాలి తిరుగుడు బదులు చెప్పదు. ఆ గాలికి చీరాల యననేమో, దివి యననేమో తెలియదు.

అప్పుడు మా వీధి యరుగుమీద పెద్దలు కొందఱు, దివివారి కేదో పాపము చుట్టుకొన్నదనుట వింటిని. లోనికి బోయి, “నాన్నగారూ, వారేమి తప్పు చేసిరి?” అని యడిగితిని. మా తండ్రిగారు కర్మసిద్ధాంతమున నిష్ఠ గలవారు. అయినను, “ఏ తప్పును లేదు నాయనా” అని, మఱేమియు జెప్పక యూరకుండిరి. ఆ మౌనమును నేను నేటికిని వ్యాఖ్యానించుచునే యున్నాను.

ఇక మిత్రుల మాటలకు వత్తము. గీతలోని విశ్వరూపము విశ్వభీతికి ఉదాహరణమా? అర్జునునకు దిక్కులు తెలియలేదు, నెమ్మది చిక్కలేదు. ఇంతవఱకు సామ్యము గలదు. కాని యతడు నీవెవడ వని యడిగెను. స్వామి తాను కాలుడనని బదులు చెప్పెను. అడిగిన ప్రశ్నకు బదులు, బదులునం దొక పేరు. భయానకమునకు భరతుడు చెప్పిన యధిదేవతయు కాలుడే యగుట యిట స్మరింపదగినది. పిదప సౌమ్యరూపమును జూపి స్వామి వెఱపు మాన్పెను. పంచమియు గలదు, దానిని బట్టి వచ్చిన యభయమును గలదు. అది పరమకోటి నందిన భయానకమే, నిరపాదానము కాదు.

మొదటి మిత్రుడు చూపవలసిన స్థలము వేఱు. అది మాకు సరిగా పడమటనున్న యద్దంకి రాజధానిగా నేలిన ప్రోలయవేమారెడ్డి యాస్థానకవి, ఎఱ్ఱాప్రగడ తెలుగుచేసిన భాగమున నున్నది. నన్నయ శరద్వర్ణనమున విడిచిన యారణ్యపర్వశేషమును ఎఱ్ఱన, నన్నయయే వ్రాసినట్లు రాజరాజున కంకితముగ, పూరించెను. ధర్మరాజునకు మార్కండేయుడు ప్రళయమును దాను జూచినట్లు చెప్పు కథ యా శేషములోనిది. నిప్పు సమస్తమును గాల్చును; పండ్రెండేండ్లు వాన కురియును; తుదకు నీరొక్కటియే మిగులును. ఆ నీట ముని యొక్కడు ఈదుచుండును. నిలువ చోటు లేదు, పలుకరించు ప్రాణి లేదు, కాలము లెక్కకు లేదు. ఇట మనము గమనింపవలసిన దొకటి గలదు. మార్కండేయుడు చిరంజీవి. అతనికి చావువలన భయము లేదు. సర్వభయములకు తుదియపాదానమైన మృత్యువే తొలగిన పిమ్మట మిగిలిన భయ మేదో అది యతనిది. ఈ పాత్రమునే యెన్నుకొన్న వ్యాసుని యౌచిత్యమునకు చేయెత్తి మ్రొక్కవలెను.

తరువాత మఱ్ఱికొమ్మపై శిశువు కానవచ్చును. నీవలసితివి, నాయందు విశ్రమింపుమని నోరు తెఱచును. ముని లోనికి బోవును. అచ్చట తానెఱిగిన గంగయు, హిమవంతమును, పురములును, తమ తమ పనులు చేసికొనుచున్న జనులును యథాపూర్వముగ గలరు. నూఱేండ్లకు మించి తిరిగియు తుది కానడు. ఎఱుగనిది కనబడి భయపెట్టుట సామాన్యము; ఎఱిగిన లోకమంతయు ఎఱుగనిదాని కడుపులో నున్నదని తెలియుట యసామాన్యము. పాశ్చాత్యకథలలో నిట్టి ఘట్టము నేను చదివినంతలో లేదు. కావున మనకు లేదన్న రెండవ మిత్రుని మాటయు నిలువదు. ఆ భయము మన కవులకు తెలియును. వారు దానిని దాచలేదు.

భేదము తుదియం దున్నది. మార్కండేయుడు శరణు వేడును, వెలికి వచ్చును, శిశువు తన తత్త్వమును జెప్పును. లవ్‌క్రాఫ్టునకును లెమునకును అట్టి తుది లేదు. తుదియందు అభయముండుట మన కవిత్వమునకు కొఱతయని నేననను. కాని యా యభయమునకు విలువ, దానికి ముందు ముని యీదిన నీటివలన వచ్చినది. ఈదనిచ్చిన తరువాత నిచ్చినది అభయము. ఈదకమునుపే యిచ్చినది బుజ్జగింపు. దివిసీమవారికి పాపము చుట్టుకొన్నదన్న పెద్దలు చేసినది రెండవది. తమ్ము దామే బుజ్జగించుకొనిరి. విశ్వభీతిని వ్రాయదలచు తెలుగు కథకుని నేను కోరున దింతే: మఱ్ఱికొమ్మను తొందరపడి చూపవద్దు, నీటికి మనుష్యుని ముఖము తగిలింపవద్దు.

భయహేతువు లేనిచోట సత్యమైన యభయ మెట్లుండునో చూపుటకు మా సీమలో నొక యాధారము గలదు. చీరాలకు దక్షిణముగ వేటపాలెమును దాటి పోగా మోటుపల్లి వచ్చును. నేడది చిన్నగ్రామము, కాకతీయుల నాడు మహాపత్తనము. అచ్చట 1244లో గణపతిదేవుడు సముద్రవర్తకుల కిచ్చిన శాసనము స్తంభముపై నున్నది. దానికి అభయశాసనమని ప్రసిద్ధి. పూర్వరాజులు, గాలివానచే దారితప్పి యొడ్డునకు గొట్టుకొనివచ్చి పగిలిన యోడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగువానిని బలాత్కారముగ దీసికొనుచుండిరి. ఇకమీద తాను నియతమైన సుంకము తప్ప మఱేమియు గొననని యా రాజు ప్రతిజ్ఞ చేసెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు ఆ సుంకము.

ఈ శాసనమున నాకు నచ్చినది దాని మితము. తుపాను రాదని రాజు చెప్పలేదు. వచ్చినచో మీ పాపమనియు జెప్పలేదు. సముద్రమువలన నభయ మిచ్చుట తన వశము గాదని యెఱిగి, తనవలన నభయ మిచ్చెను. గుఱిలేని భయము నెదుట మనుష్యుడు మనుష్యునకు ఈయదగిన దానము దీనికంటె నింకొకటి నాకు గానరాదు. ఓడ పగిలి యొడ్డు చేరినవానిని మనము దోచుకొనము, నిందింపము. తక్కినది సముద్రమునకు సంబంధించినది.

నా శిష్యునకు నాడీయలేకపోయిన బదులు ఇదియే. దీని గుణదోషములను విజ్ఞులు విచారింతురు గాక.